గుర్రం ముందు మేనేజర్: ఈ కోచింగ్‌లో అసలు పని చేసేదెవరు?

ముందే ఒక మాట చెప్పాలి. గుర్రాల సాయంతో మేనేజర్లకు నాయకత్వం నేర్పే ఈ కోచింగ్‌లో ఎవరూ గుర్రం ఎక్కరు. జీను ఉండదు, స్వారీ ఉండదు. ఊరి బయట ఒక ఫామ్, అందులో ఇసుక పోసిన ఆవరణ, చుట్టూ కంచె. లోపల ఒకటో రెండో గుర్రాలు. కంచె పక్కన ఐదారుగురు మేనేజర్లు కొంచెం బెరుగ్గా నిలబడి ఉంటారు. వాళ్లలో ఒకరి చేతికి పగ్గం ఇచ్చి, "దీన్ని ఆ చివరిదాకా నడిపించుకెళ్లి వెనక్కి తీసుకురండి" అంటారు. ఆ మనిషి ఆఫీసులో రెండు వందల మందికి బాస్ అయి ఉండొచ్చు. గుర్రానికి ఆ సంగతి తెలియదు. అది కదలదు.

ఆ కదలకపోవడం మీద ఒక వృత్తే నిలబడింది. అమెరికా, జర్మనీ, బ్రిటన్ కంపెనీలు తమ మేనేజర్లను ఇలాంటి ఫామ్‌లకు పంపడం ఎప్పటినుంచో ఉంది. స్టాన్‌ఫర్డ్ వైద్య కళాశాలలో రోగితో ఎలా మెలగాలో డాక్టర్ విద్యార్థులకు గుర్రాల సాయంతో నేర్పే కోర్సు నడిచింది. మన పెద్ద నగరాల్లోనూ హెచ్ఆర్ వాళ్ల నోట ఈ మాట వినపడుతోంది. ఈ కోచింగ్ అమ్మేవాళ్లు చెప్పే మాటలు దాదాపు ఎక్కడైనా ఒకటే: గుర్రం మీ మనసుకు అద్దం, గుర్రం అబద్ధం చెప్పదు, మిమ్మల్ని లీడర్‌గా ఒప్పుకుంటేనే అది మీ వెంట వస్తుంది. వినేవాళ్లలో సగం మంది మైమరచిపోతారు, మిగతా సగం "డబ్బులెక్కువైతే ఇలాగే ఉంటుంది" అని నవ్వేస్తారు.

నా అభిప్రాయంలో ఇద్దరూ తొందరపడుతున్నారు. గుర్రం మనిషిని చదువుతుందన్నది నిజం, దానికి గట్టి పరిశోధనలే ఉన్నాయి. కానీ అది చదివేది వేరు, బ్రోచర్లలో రాసేది వేరు. ఈ రెంటికీ మధ్య ఉన్న ఖాళీని నింపేది గుర్రం పక్కన నిలబడ్డ కోచ్. మంచికైనా చెడుకైనా మనం డబ్బు కట్టేది ఆ మనిషికే.

పోలియో నుంచి పవర్‌పాయింట్ దాకా

గుర్రం సాయంతో మనిషి కోలుకోవచ్చన్న ఆలోచనకు జనంలో నమ్మకం తెచ్చింది డెన్మార్క్‌కు చెందిన లిస్ హార్టెల్. 1944లో, 23 ఏళ్ల వయసులో, కడుపుతో ఉండగా ఆమెకు పోలియో వచ్చింది. మోకాళ్ల కింద కాళ్లు పనిచేయడం మానేశాయి. గుర్రం ఎక్కాలన్నా దిగాలన్నా ఎవరో ఒకరు పట్టుకోవాలి. ఆ స్థితిలోనే 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో, గుర్రాన్ని సున్నితమైన సంకేతాలతో నడిపించే డ్రెసాజ్ పోటీలో మగవాళ్లతో తలపడి వెండి పతకం తెచ్చుకుంది. ఆ పోటీలోకి ఆడవాళ్లను రానిచ్చిన మొదటి ఒలింపిక్స్ అదే. 1956లో మళ్లీ వెండి గెలిచింది. ఆ తర్వాతి ఏళ్లలో యూరప్‌లోనూ అమెరికాలోనూ వికలాంగుల కోసం స్వారీ కేంద్రాలు వచ్చాయి. 1969లో అమెరికాలో వీటన్నిటికీ ఒక జాతీయ సంఘం ఏర్పడింది. ఇప్పుడు దాని పేరు పాత్ ఇంటర్నేషనల్.

ఇదంతా ఒంటికి జరిగిన వైద్యం. మనసు దగ్గరికి వచ్చేసరికి మనిషి గుర్రం దిగాడు. 1999లో అమెరికాలోని యూటా రాష్ట్రంలో ఈగాలా అనే సంస్థ మొదలైంది. దాని పద్ధతిలో స్వారీ లేదు, అంతా నేల మీదే. ఇంకో ముఖ్యమైన నియమం: ఆవరణలో ఇద్దరు నిపుణులు ఉండాలి. ఒకరు మానసిక ఆరోగ్యం చదివినవారు, ఇంకొకరు గుర్రాల గురించి తెలిసినవారు. ఒకరు మనిషిని చూసుకుంటే రెండోవారు గుర్రాన్ని చూసుకుంటారు.

కార్పొరేట్ కోచింగ్ ఈ పద్ధతిలోంచి చాలా తీసుకుంది. నేల మీద పని, అభ్యాసాలు, చివర కూర్చుని మాట్లాడుకోవడం, అన్నీ వచ్చాయి. థెరపిస్టు మాత్రం చాలాచోట్ల రాలేదు. ఆయన స్థానంలో కోచ్ వచ్చాడు, రోగి స్థానంలో క్లయింట్ వచ్చాడు. కొన్నిచోట్ల ఒక్క మనిషే కోచ్, ఆ మనిషే గుర్రాల నిపుణుడు. ఈ మార్పు చిన్నది కాదు.

మన దేశంలో గుర్రానికీ అధికారానికీ ఉన్న బంధం ఇంతకంటే పాతది. బ్రిటిష్ కాలంలో ఐసీఎస్ ఉద్యోగానికి రాతపరీక్ష పాసైతే సరిపోయేది కాదు, గుర్రపు స్వారీ పరీక్ష కూడా గట్టెక్కాలి. అరవింద్ ఘోష్ 1890లో రాతపరీక్ష పాసై, స్వారీ పరీక్ష దగ్గర ఆగిపోయాడు. మళ్లీ అవకాశం ఇచ్చినా ఆయన వెళ్లలేదు. 1892లో ఆయన్ని సర్వీసులోకి తీసుకోలేదు. మనకు శ్రీ అరవిందులు దక్కడంలో గుర్రం పాత్ర కూడా ఉందన్నమాట. ఆ ఆనవాయితీ ఇప్పటికీ పోలేదు. హైదరాబాద్‌లోని సర్దార్ వల్లభ్‌భాయ్ పటేల్ జాతీయ పోలీస్ అకాడమీలో ఐపీఎస్ ప్రొబేషనర్లకు, ముస్సోరీలో ఐఏఎస్ వాళ్లకు స్వారీ శిక్షణ ఉంది. కాకపోతే అక్కడి లెక్క వేరు. భయం పోవాలి, పట్టు రావాలి, పడితే మళ్లీ ఎక్కాలి. గుర్రం అక్కడ అధికారి లొంగదీసుకోవలసిన బలం. కింద నిలబడి దాని దగ్గర పాఠం చెప్పించుకోవడం ఆ ఆలోచనకు పూర్తిగా ఎదురు.

భారతంలో నలుడికి అశ్వహృదయం అనే విద్య తెలుసు. బాహుకుడనే మారుపేరుతో ఋతుపర్ణుడి రథం తోలుతూ ఆ విద్య ఇచ్చి, బదులుగా పాచికల రహస్యమైన అక్షహృదయం తీసుకున్నాడు. అక్కడ గుర్రం మనసు తెలుసుకున్నది మనిషి. ఇప్పటి బ్రోచర్లు దాన్ని తిరగేసి, మనిషి మనసు గుర్రానికి తెలుస్తుందంటున్నాయి. అందులో నిజమెంతో చూద్దాం.

గుర్రానికి కనపడేది

గుర్రం వేటకు దొరికే జంతువు. దాని ఒళ్లంతా పారిపోవడానికే తయారైంది. కళ్లు తలకు రెండు పక్కలా ఉండడంతో దాదాపు 350 డిగ్రీల మేర చూడగలదు. ముక్కుకు ఎదురుగా కొంచెం, తోక వెనక కొంచెం మాత్రం కనపడదు. గుర్రం వెనక నిలబడొద్దని మొదటి రోజే చెప్పేది ఇందుకే. చెవులు రెండూ దేనికది తిరుగుతాయి. మందలో ఒకటి తలెత్తి బిగుసుకుంటే మిగతావి ఆ క్షణంలోనే అందుకోవాలి, ఆలస్యమైతే ప్రాణం పోతుంది. అరిస్తే శత్రువుకు తెలిసిపోతుంది కాబట్టి వాటి మాటల్లో ఎక్కువ భాగం ఒంటితోనే జరుగుతుంది: చెవి ఎటు తిరిగింది, మెడ ఎంత ఎత్తులో ఉంది, ముక్కుపుటాలు బిగిశాయా, బరువు ఏ కాలి మీద ఉంది. ఇంగ్లండ్‌లోని సస్సెక్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2015లో గుర్రం ముఖంలో వచ్చే కదలికలను వర్గీకరిస్తే 17 రకాలు తేలాయి. ఇదే పద్ధతిలో కుక్కకు 16, చింపాంజీకి 13 ఉన్నాయి.

ఇంత చూపున్న జంతువు మన ఒంటిని కూడా చదువుతుందనడానికి మొదటి గట్టి సాక్ష్యం దాదాపు నూట ఇరవై ఏళ్ల కిందట బెర్లిన్‌లో దొరికింది. విల్‌హెల్మ్ ఫాన్ ఓస్టెన్ అనే రిటైరైన లెక్కల మాస్టారు తన గుర్రం హాన్స్‌కు కూడికలు, తీసివేతలు నేర్పానన్నాడు. ప్రశ్న వేస్తే హాన్స్ డెక్కతో నేల మీద కొట్టి జవాబు చెప్పేది. జనం గుంపులుగా వచ్చేవారు. 1904లో ఒక నిపుణుల సంఘం పరీక్షించి, ఇందులో మోసమేమీ లేదని తేల్చింది. ఆ తర్వాత ఆస్కర్ ఫుంగ్‌స్ట్ అనే యువ పరిశోధకుడు ఇంకో మెట్టు ముందుకెళ్లాడు. జవాబు తెలియని మనిషితో ప్రశ్న వేయించాడు. హాన్స్ తడబడింది. ప్రశ్న వేసినవాడు కనపడకుండా చేశాడు. మళ్లీ తడబడింది. అప్పుడు అసలు సంగతి బయటపడింది. డెక్క దెబ్బలు సరైన అంకెకు చేరుకోగానే అడిగినవాడి తల తనకు తెలియకుండానే వెంట్రుకవాసి కదులుతోంది. ఒంట్లో బిగువు సడలుతోంది. హాన్స్ అది చూసి ఆపేస్తోంది. దానికి లెక్కలు రావు, మనుషులు వచ్చు.

ఈ కథను సాధారణంగా ఇక్కడితో ఆపేసి, పరిశోధనల్లో జాగ్రత్త అవసరమని నీతి చెబుతారు. కోచింగ్‌కు పనికొచ్చే ముక్క ఆ తర్వాత ఉంది. ఈ సంకేతాల గుట్టు పూర్తిగా తెలిశాక కూడా ఫుంగ్‌స్ట్ వాటిని ఆపుకోలేకపోయాడు. వద్దనుకున్నా ఆయన ఒళ్లు వాటిని ఇస్తూనే ఉంది. మనిషి తన ముఖాన్నీ మాటనూ అదుపులో పెట్టుకోవచ్చుగానీ భుజాన్నీ ఊపిరినీ మొత్తంగా అదుపు చేయలేడు.

తర్వాతి పరిశోధనలు దీన్ని ఇంకా గట్టిపరిచాయి. 2009లో స్వీడన్‌లో చేసిన ఒక ప్రయోగం నాకు చాలా ఇష్టం. కొందరిని గుర్రం పట్టుకుని ఒక దారిలో పలుమార్లు అటూ ఇటూ నడవమన్నారు, కొందరిని స్వారీ చేయమన్నారు. చివరిసారి వెళ్లేటప్పుడు పక్కనుంచి ఒక గొడుగు టక్కున తెరుస్తామని ముందే చెప్పారు. గుర్రాలు గొడుగుకు బెదురుతాయని అందరికీ తెలుసు. ఆ చివరిసారి మనుషుల గుండె వేగం పెరిగింది. వాళ్లతో ఉన్న గుర్రాల గుండె వేగం కూడా పెరిగింది. నిజానికి గొడుగు ఎవరూ తెరవలేదు. గుర్రానికి అందింది ఆ మనిషి టెన్షన్ మాత్రమే. 2016లో సస్సెక్స్ వాళ్లే 28 గుర్రాలకు కోపంగా ఉన్న మనిషి ఫొటో, నవ్వుతున్న మనిషి ఫొటో చూపించారు. కోపపు ముఖాన్ని అవి ఎక్కువగా ఎడమ కంటితో చూశాయి, గుండె వేగం కూడా త్వరగా పెరిగింది. ముప్పు అనిపించిన దాన్ని ఎడమ కంటితో చూడడం చాలా జంతువుల్లో ఉన్న అలవాటే. 2018లో ఇంకో ప్రయోగంలో, పొద్దున ఫొటోలో కోపంగా కనపడిన మనిషే తర్వాత మామూలు ముఖంతో ఎదురుపడితే గుర్రాలు ఆ కోపాన్ని గుర్తుపెట్టుకున్నట్టే ప్రవర్తించాయి.

కాబట్టి "మన టెన్షన్ గుర్రానికి తెలుస్తుంది" అనే మాటకు ఆధారం ఉంది. దీని పక్కన చాలాచోట్ల ఇంకో మాట చేరుస్తారు, గుర్రం గుండెకున్న అయస్కాంత క్షేత్రం మన గుండెను సరిచేస్తుందని. గుండె నుంచి బలహీనమైన విద్యుత్ సంకేతాలు వచ్చే మాట నిజమే, ఈసీజీ కొలిచేది వాటినే. అంతదూరాన ఉన్న గుర్రం క్షేత్రం మనిషి మనసును మారుస్తుందనడానికి మాత్రం నమ్మదగిన రుజువు లేదు. ఈ మాట వినపడితే ఆ కోచ్ మిగతా మాటలను కూడా ఒకసారి అనుమానంగా చూడడం మంచిది.

కనపడనిది

గుర్రానికి టెన్షన్ కనపడుతుంది, సరే. ఎందుకొచ్చిన టెన్షనో కనపడదు. ఎదురుగా ఉన్న మనిషి గుర్రానికే భయపడుతున్నాడా, కంచె బయట బాస్ చూస్తున్నాడని బిగుసుకున్నాడా, నడుము నొప్పా, బూటు కరుస్తోందా, ఇంట్లో గొడవా? గుర్రానికి ఇవన్నీ ఒకటే బిగువు. "మీ టీమ్‌ను మీరు నమ్మడం లేదని గుర్రం పసిగట్టింది" అని ఎవరైనా అంటే అది గుర్రం చెప్పిన మాట అయ్యే అవకాశమే లేదు.

పైగా గుర్రానికి దాని గొడవలు దానికుంటాయి. ఈగలు కుడుతుంటాయి. దాణా వేళ అవుతుంది. తోటి గుర్రం షెడ్డులోంచి సకిలిస్తుంది. నిన్నటి నాలుగు సెషన్ల అలసట ఉంటుంది. డెక్కలో నొప్పి ఉంటుంది. అద్దానికి ఇవేమీ ఉండవు. గుర్రాన్ని అద్దం అనడంలో అది ఒక ప్రాణి అన్న సంగతే మాయమవుతోంది.

మరి మొదట కదలని గుర్రం కాసేపటికి ఎందుకు కదులుతుంది? దీనికి జవాబు గుర్రాల శిక్షణలో ఎప్పటినుంచో ఉంది. గుర్రాన్ని మనం ఒత్తిడితోనూ, ఆ ఒత్తిడి తీసేయడంతోనూ నేర్పుతాం. పగ్గం కొంచెం లాగుతాం. అది ఒక్క అడుగు వేయగానే పగ్గం వదులు చేస్తాం. ఆ వదులే దానికి బహుమతి. కొత్తవాళ్లు చేసే పని ఏంటంటే, గుర్రానికి ఎదురుగా నిలబడి, దాని కళ్లలోకి చూస్తూ, పగ్గం బిగించి లాగుతూనే ఉంటారు. ఎదురుగా మనిషి అడ్డం, వెనక్కి తగ్గినా లాగుడే, ముందుకొచ్చినా లాగుడే. ఏం చేస్తే ఒత్తిడి పోతుందో దానికి అర్థం కాదు. అందుకని నిలబడిపోతుంది. అదే మనిషి గుర్రం భుజం పక్కకు వచ్చి, వెళ్లాల్సిన చోటు వైపు చూస్తూ, పగ్గం కాస్త వదిలి అడుగు వేస్తే చాలాసార్లు అది నడుస్తుంది. కోచ్ అప్పుడు "చూశారా, మీ లోపల స్పష్టత వచ్చింది" అంటాడు. లోపలి సంగతి ఎవరికి తెలుసు? బయట మాత్రం నిలబడే చోటు మారింది, పగ్గం వదులైంది.

దీనికంటే ఆకట్టుకునే అభ్యాసం ఇంకోటి ఉంది. గుండ్రటి కంచెలో గుర్రాన్ని పగ్గం లేకుండా వదిలి, దాన్ని అదిలిస్తూ చుట్టూ పరుగెత్తిస్తారు. కాసేపటికి మనిషి అదిలించడం ఆపి పక్కకు తిరుగుతాడు. గుర్రం మెల్లగా వచ్చి అతని వెనక నిలబడుతుంది. చూసేవాళ్ల కళ్లు చెమరుస్తాయి. "ఇది మిమ్మల్ని లీడర్‌గా ఎంచుకుంది" అంటారు. 2012లో సిడ్నీ విశ్వవిద్యాలయం పరిశోధకులు మనిషిని తీసేసి, అదే కంచెలో ఒక రిమోట్ బొమ్మ కారును పెట్టారు. గుర్రం తిరిగి చూడనంతసేపూ కారు వెంటపడుతుంది. తిరిగితే ఆగుతుంది. కొంతసేపటికి గుర్రాలు ఆ కారు వైపు తిరగడం, దాని దగ్గరికి రావడం నేర్చుకున్నాయి. బొమ్మ కారులో నాయకత్వ లక్షణాలు ఉన్నాయని ఎవరూ అనరు కదా. తరమడం ఆగిన చోటే గుర్రానికి ఊరట, అంతే.

మందకు నాయకత్వం వహించే ఆడ గుర్రం గురించి కూడా ఈ కోచింగ్‌లో చాలా వింటాం. అనుభవమున్న ముసలి ఆడ గుర్రం ముందు నడుస్తుంది, మిగతావి వెంట వెళతాయి, మంచి మేనేజర్ కూడా అలాగే ఉండాలని చెబుతారు. ఫ్రెంచ్ పరిశోధకులు 2015లో ప్రచురించిన అధ్యయనంలో గుర్రాల మంద కదలికలను గమనిస్తే, ఎప్పుడూ ఒకే గుర్రం ముందుండి నడపడం కనపడలేదు. వేర్వేరు సందర్భాల్లో వేర్వేరు గుర్రాలు బయలుదేరాయి. ఇంకో మాట: గుర్రం పెదవులు చప్పరిస్తూ దవడ ఆడిస్తే "మీరు చెప్పింది ఒప్పుకుంటోంది" అని వివరిస్తారు. ఈక్వడార్‌లో స్వేచ్ఛగా తిరిగే గుర్రాలను గమనించి 2018లో వెలువడిన పరిశోధన ప్రకారం, బిగువు నుంచి తేరుకునే సమయంలో ఆ చప్పరింపు వస్తుంది. గద్దించిన గుర్రంలోనూ అది కనపడింది, బెదిరిన గుర్రంలోనూ కనపడింది. అంటే అంతకుముందు దానికి టెన్షన్ ఉందని అర్థం.

మరి ఉపయోగం ఎక్కడుంది?

ఇంత చెప్పాక ఇదంతా బూటకం అనేస్తే పని తేలిక. నేను అలా అనను. గుర్రంలో ఒక గుణం ఉంది, అది ఆఫీసులో దొరకదు. మన హోదా దానికి తెలియదు. కింది ఉద్యోగి మన మాటకు నవ్వుతాడు, మొహమాటపడతాడు, "అలాగే సార్" అని వెళ్లి ఆ పని చేయకుండా కూర్చుంటాడు. ఆయనకు నచ్చలేదని మనకు ఆర్నెల్ల తర్వాత రాజీనామా లేఖలో తెలుస్తుంది. గుర్రం దగ్గర అది ఒక్క క్షణంలో తెలుస్తుంది. లాగితే ఆగింది, వదిలితే నడిచింది. చేసిన పనికీ వచ్చిన ఫలితానికీ మధ్య ఆలస్యం లేకపోవడం నేర్చుకునేవాడికి పెద్ద వరం.

రెండోది, దాని బరువు. దాదాపు 450 కిలోల జంతువు పక్కన నిలబడ్డ మనిషి ఫోన్ చూసుకోడు. పవర్‌పాయింట్ ముందు కునికిపాట్లు పడే మేనేజర్ ఇక్కడ ఒళ్లంతా కళ్లు చేసుకుని ఉంటాడు. మూడోది నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యం: పని జరగనప్పుడు మనం మామూలుగా ఏం చేస్తామో అది బయటపడుతుంది. కొందరు ఇంకా గట్టిగా లాగుతారు. కొందరు బతిమాలతారు. కొందరు నవ్వి జోకు వేసి పగ్గం పక్కవాళ్లకు ఇచ్చేస్తారు. కొందరు కోచ్ వైపు చూసి "ఇది మొండి గుర్రం, వేరేది ఇవ్వండి" అంటారు. ఈ చివరి మాట విన్న టీమ్ సభ్యులు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. వాళ్లకు అది కొత్త మాట కాదు.

అయితే ఇలా కనపడినదాన్ని పాఠంగా మార్చేది గుర్రం కాదు, ఆ తర్వాత జరిగే సంభాషణ. చేసిన పనిని వెనక్కి తిరిగి చూసుకుని, అందులోంచి ఒక ఆలోచన తీసి, మళ్లీ ప్రయత్నిస్తేనే అనుభవం చదువు అవుతుందని డేవిడ్ కోల్బ్ 1984లో చెప్పిన సిద్ధాంతం ఇలాంటి శిక్షణలన్నిటికీ పునాది. మంచి కోచ్ ఇక్కడ తక్కువ మాట్లాడతాడు. "గుర్రం ఆగింది. అప్పుడు మీ చేయి ఏం చేసింది?" అని అడుగుతాడు. "ఇలా ఇంకెక్కడైనా జరుగుతుందా?" అని అడిగి ఊరుకుంటాడు. జవాబు క్లయింట్ నోటినుంచి రావాలి, రాకపోతే రాలేదు.

చెడ్డ కోచ్ జవాబు తనే చెబుతాడు. "మీరు నమ్మకం ఇవ్వరు, అందుకే అది రాలేదు" అంటాడు. వినేవాడికి నిజమే అనిపిస్తుంది. ఎందుకనిపిస్తుందో అమెరికన్ సైకాలజిస్ట్ బెర్‌ట్రమ్ ఫోరర్ 1948లోనే చూపించాడు. 39 మంది విద్యార్థులకు వ్యక్తిత్వ పరీక్ష పెట్టి, ఎవరి ఫలితం వాళ్లకు విడిగా ఇచ్చి, ఎంత సరిపోయిందో ఐదుకు మార్కులు వేయమన్నాడు. సగటు 4.26 వచ్చింది. అందరికీ ఇచ్చింది ఒకే కాగితం. అందులోని వాక్యాలు జ్యోతిషం పుస్తకం నుంచి తీసినవి. "బయటికి ధైర్యంగా కనపడతారుగానీ లోపల సందేహాలు ఉంటాయి" లాంటి మాట ఎవరికి వర్తించదు? చిలక జోస్యంలో చీటీ తీసేది చిలక, అర్థం చెప్పేది మాత్రం దాని యజమాని. గుర్రం పక్కన నిలబడి కథ అల్లే కోచ్ చేసేదీ అదే.

ఇక, ఆవరణలో నేర్చుకున్నది ఆఫీసుకు వస్తుందా? ఇక్కడ ఒక ఎదురుప్రశ్న వేసుకుంటే చాలు. మలక్‌పేట రేస్ కోర్స్‌కో, అజీజ్‌నగర్ వైపు ఉన్న ఏదైనా రైడింగ్ క్లబ్బుకో వెళ్లి చూడండి. గుర్రాన్ని అందరికంటే సులువుగా నడిపేది సైస్, అంటే గుర్రాన్ని సాకే పనివాడు. పొద్దున్నే దాణా పెట్టి, మాలీషు చేసి, పగ్గం వేలికి చుట్టుకుని నడుస్తుంటే అది ఆయన వెనకే వచ్చేస్తుంది. గుర్రం మన వెంట నడవడమే నాయకత్వానికి పరీక్ష అయితే మన కంపెనీల్లో సగం సీఈఓ పదవులు సైస్‌లకు ఇవ్వాలి. ఆయన జీతం ఎంతో ఒకసారి కనుక్కోండి. గుర్రాన్ని నడపడం ఒక నైపుణ్యం, మనుషులను నడపడం ఇంకొకటి. ఒకదాంట్లో మనం ఎలా తడబడ్డామో చూసుకుంటే రెండోదాని గురించి ఆలోచించడానికి ఒక సందు దొరుకుతుంది. అంతకుమించి ఆశిస్తే కష్టం.

సాక్ష్యాల సంగతి కూడా క్లుప్తంగా చెప్పాలి. మానసిక సమస్యలకు గుర్రాలతో చేసే చికిత్సల మీద అప్పటిదాకా వచ్చిన 14 అధ్యయనాలను 2014లో అమెరికన్ పరిశోధకుల బృందం ఒకటి తిరగేసి చూసింది. పనిచేస్తుందని చెప్పడానికి అవి చాలవని, లోపాలు చాలా ఉన్నాయని తేల్చింది. చికిత్స పరిస్థితే అది. కార్పొరేట్ కోచింగ్‌లో సాధారణంగా కొలిచేది సాయంత్రం బస్సెక్కే ముందు నింపించే ఫీడ్‌బ్యాక్ ఫారం. మంచి గాలి, చెట్లు, ఆఫీసు లేని ఒక రోజు, భోజనం బాగుంది. ఆ ఫారంలో ఎవరు తక్కువ మార్కులు వేస్తారు?

ఏడుపు వస్తే ఎవరు చూస్తారు

ఈ సెషన్లలో ఏడ్చేవాళ్లుంటారు. పెద్ద జంతువు మెడ మీద చేయి వేసి మౌనంగా నిలబడ్డప్పుడు, ఎప్పుడూ ఎవరికీ చెప్పనిది పైకి తన్నుకు రావడం వింతేమీ కాదు. ఒక్కోసారి అది లీడర్‌షిప్‌కు సంబంధించినదే కాదు. ఈమధ్యే తండ్రి పోయి ఉండొచ్చు, పాత హింస ఏదైనా ఉండొచ్చు, చాలాకాలంగా పట్టించుకోని డిప్రెషన్ ఉండొచ్చు. ఈగాలా పద్ధతిలో మానసిక నిపుణుడు తప్పనిసరి అయింది ఇందుకే. కోచ్ అక్కడ ఆగి, "దీనికి నేను సరైన మనిషిని కాను" అని చెప్పగలగాలి. 1995లో ఏర్పడిన అంతర్జాతీయ కోచింగ్ ఫెడరేషన్ కూడా కోచింగ్ వేరు, థెరపీ వేరు అనే అంటుంది. మన దేశంలో క్లినికల్ సైకాలజిస్ట్‌గా పనిచేయాలంటే భారత పునరావాస మండలి దగ్గర రిజిస్టర్ కావాలి. కోచ్ అని బోర్డు పెట్టుకోవడానికి అలాంటి షరతేమీ లేదు.

ఆఫీసు తరఫున వెళ్లేవాళ్లకు ఇంకో చిక్కు. కంచె బయట నిలబడి చూస్తున్నది ఎవరు? మన అప్రైజల్ రాసే మనిషి. అక్కడ ఏడ్చినదీ, చెప్పినదీ ఆఫీసులోకి రాదని హామీ ఎవరిస్తారు? "రాను" అనే హక్కు ఉద్యోగికి నిజంగా ఉందా, లేక పేరు రాయకపోతే టీమ్ ప్లేయర్ కాదంటారా? గుర్రాలంటే భయమున్నవాళ్లు, నడుము ఆపరేషన్ అయినవాళ్లు, గడ్డి దుమ్ము పడనివాళ్లు ఉంటారు. వీళ్లను బలవంతంగా లోపలికి దింపి, ఆ భయాన్నే పాఠంగా చూపించడం నాకు క్రూరంగా అనిపిస్తుంది.

గుర్రం వైపు నుంచి

మన దేశంలో క్లబ్బుల్లో ఉండే గుర్రాల్లో రేసులు మానేసిన థరోబ్రెడ్లు చాలా ఉంటాయి. పరుగు కోసం పెంచిన జాతి, చిన్న శబ్దానికే ఉలిక్కిపడుతుంది. అన్నీ ఈ పనికి తగవు. రోజంతా కొత్త మనుషులు, కొత్త చేతులు, కొత్త టెన్షన్లు. పగ్గం లాగేవాళ్లు లాగుతూనే ఉంటే మంచి గుర్రం కూడా కొన్నాళ్లకు ఏ సంకేతానికీ స్పందించకుండా మొద్దుబారిపోతుంది. అలా తల వేలేసుకుని కదలకుండా నిలబడ్డ గుర్రాన్ని చూసి "ఎంత ప్రశాంతంగా ఉందో" అని ముచ్చటపడేవాళ్లే ఎక్కువ. చెవులు వెనక్కి అంటించడం, తోక విదిలించడం, కంటి తెల్లగుడ్డు కనపడడం, నోరు బిగించడం, తల పక్కకు తిప్పేసుకోవడం, ఇవన్నీ "నాకు వద్దు" అనే. వీటిని కూడా క్లయింట్ జీవితానికి ముడిపెట్టి వివరించే కోచ్ ఉన్నాడంటే అక్కడ గుర్రం మాట వినేవాళ్లు ఎవరూ లేరని అర్థం.

గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని మనవాళ్లు ఊరికే అనలేదు. ఒక్క గుర్రాన్ని పోషించడానికే నెలనెలా ఖర్చవుతుంది. దాణా, గడ్డి, డెక్కలకు నాడాలు, డాక్టరు, సైస్ జీతం. ఫీజు ఎక్కువగా కనపడడానికి ఇదొక కారణం, అందులో తప్పేమీ లేదు. అదే కారణంతో సెషన్ల మీద సెషన్లు పెట్టి గుర్రాన్ని అరగదీయాలన్న ఒత్తిడి కూడా వస్తుంది.

వెళ్లాలనుకుంటే ముందుగా ఫోన్ చేసి కొన్ని సంగతులు అడగండి. ఆవరణలో ఎంతమంది నిపుణులు ఉంటారు, అందులో గుర్రాన్ని మాత్రమే చూసుకునే మనిషి ఉన్నారా? ఎవరికైనా మనసు చెదిరితే ఎవరి దగ్గరికి పంపుతారు? గుర్రానికి నచ్చకపోతే పక్కకు వెళ్లిపోయే చోటు ఉందా, వెళ్లిపోతే మళ్లీ లాక్కొస్తారా? గ్లాండర్స్ అనే అంటువ్యాధి గుర్రాల నుంచి మనుషులకూ సోకుతుంది కాబట్టి ఆ పరీక్ష చేయించారా? హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం దీని మీద పనిచేస్తోంది, ఈ మాట వినగానే ఫామ్‌వాళ్లు తెల్లముఖం వేస్తే అనుమానించాల్సిందే. మీ వైపు నుంచి టెటనస్ ఇంజక్షన్ వేయించుకున్నారో లేదో చూసుకోండి. ఒక రోజు తర్వాత ఏముందో కూడా అడగండి. నెలకో, రెండు నెలలకో మళ్లీ కూర్చుని "ఆరోజు అనుకున్నది ఆఫీసులో చేశారా" అని అడిగే ఏర్పాటు లేకపోతే, మీరు కొనుక్కుంటున్నది పిక్నిక్. పిక్నిక్ కూడా మంచిదే, ఆ ధరకు మరీ ఖరీదైనది.

ఒక్కో గుర్రం రోజుకు ఎన్ని సెషన్లు చేస్తుందో కూడా అడగండి. ఈ ఒక్క ప్రశ్న మాత్రం ఫోన్‌లో వద్దు. ఫామ్‌కు వెళ్లినప్పుడు కోచ్ పక్కన లేని సమయం చూసి సైస్‌ను అడగండి.